ఓరుగంటికి వచ్చువారికి

పల్లెనుండి మనుష్యుని పట్టణమునకు రప్పించు కారణములు ముఖ్యముగా మూడు: పంట, రోగము, చదువు. పండిన మిరపకాయ ఎనుమాముల అంగడికి రావలెను. జబ్బుపడినవాడు ఆసుపత్రికి రావలెను. ఎదిగిన బిడ్డ కళాశాలకు రావలెను. ఈ మూటిలో ఏదో యొకదానికై ఓరుగల్లు రానివారు చుట్టుప్రక్కల నాలుగైదు జిల్లాలలో అరుదు. వచ్చినవారిలో కొందఱు పని ముగించుకొని పోవుదురు. కొందఱు నిలిచిపోవుదురు. ఈ నగరమున నలువది యేండ్లుగా కాపురమున్న నన్ను బంధువులును, మా పల్లెవారును తఱచు అడుగు ప్రశ్నలును మూడే: ఎక్కడ దిగవలెను? ఏమి చూడవలెను? ఎక్కడ ఇల్లు కట్టుకొనవలెను? ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుచు వచ్చిన మాటలను ఒకచోట చేర్చుట మేలని తోచి ఈ నాలుగు ముక్కలు వ్రాయుచున్నాను. మొదటి రెండు ప్రశ్నలకు సమాధానము సులభము. మూడవదానికి సమాధానమును నేను నష్టపడి నేర్చుకొంటిని. కావున దానిని కడపట చెప్పెదను.

ముందుగా తెలిసికొనవలసినది, ఇది ఒక యూరు కాదు, మూడూళ్లు. కాజీపేట, హనుమకొండ, వరంగల్లు అను మూడును ఒకే నగరపాలక సంస్థ క్రింద ఉన్నవి. ఐనను వాని నడవడి వేఱు. కాజీపేట రైల్వేవారి యూరు. హనుమకొండ కచ్చేరులకును కళాశాలలకును నెలవు. వరంగల్లు వర్తకుల యూరు. 2021 ఆగస్టులో వరంగల్లు పట్టణజిల్లాకు హనుమకొండ జిల్లా యనియు, గ్రామీణజిల్లాకు వరంగల్లు జిల్లా యనియు పేర్లు మార్చుటతో ఒకే నగరము రెండు జిల్లాల పాలైనది. భూమి కాగితముల పనిమీద వచ్చువారు తమ మండలము ఏ జిల్లాలోనిదో ఇంటివద్దనే విచారించుకొని బయలుదేరవలెను. లేనిచో ఒక కలెక్టరు కచ్చేరిలో పగలంతయు కూర్చుండి, సాయంకాలమునకు రెండవ కచ్చేరికి పొమ్మను మాట విని రావలసి వచ్చును.

రైలు ప్రయాణికులకును ఇట్టి జాగ్రత్తయే కావలెను. సికింద్రాబాదునుండి వచ్చు మార్గమును, ఢిల్లీనుండి వచ్చు మార్గమును కాజీపేటలో కలిసికొని వరంగల్లు మీదుగా విజయవాడకు పోవును. కొన్ని బండ్లు రెండు స్టేషనులలోను ఆగును. కొన్ని ఒకదానియందే ఆగును. 1959లో నెహ్రూ పునాదిరాయి వేయగా వెలసి, 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ యైన ఇంజనీరింగు కళాశాలకు పోవువారు కాజీపేటలో దిగుట మంచిది. కోటకు, మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలకు, ఎనుమాములకు పోవువారు వరంగల్లులో దిగవలెను. హనుమకొండకు రైలు లేదు. అక్కడికి బస్సే శరణ్యము. హైదరాబాదునుండి సుమారు 145 కిలోమీటర్ల రాదారి చక్కగానే ఉన్నది.

అంగడికి వచ్చు రైతుసోదరులకు ఒక మాట. ఎనుమాముల మన దేశములోని పెద్ద వ్యవసాయ మార్కెట్లలో నొకటి. వరుస సెలవుల తరువాతి దినమున అందఱును ఒక్కసారిగా సరకు దింపుదురు. ఆ దినమున ధర పడిపోవుట వింత కాదు. నాలుగు దినములు ఆగగలవారు ఆగుటయే లాభము. కాయను, పత్తిని బాగుగా ఆరబెట్టి తేవలెను. తేమ పేరు చెప్పి తగ్గించు ధర, మీరు ఇంటిలో ఆరబెట్టుటకు పడు కష్టముకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. కాంటా ముగియువఱకు రాశిని విడువరాదు. తక్‌పట్టీ చేతికి రానిదే అంగడి దాటరాదు. ఇచ్చటి చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ పేరు నిలువవలెనన్నచో కల్తీ విత్తనమును పొలములోనికి రానీయని రైతే దానికి కావలి.

ఇక చూడవచ్చువారి సంగతి. వారు చేయు తప్పు తొందర. తెల్లవారగనే హైదరాబాదులో బయలుదేరి, వేయిస్తంభముల గుడిలో పది నిమిషములు, భద్రకాళి సన్నిధిలో పది నిమిషములు, కోటలో కీర్తితోరణము క్రింద ఒక ఛాయాచిత్రము, ఆపైన రామప్పకు పరుగు, రాత్రికి మఱల ఇల్లు. ఇట్లు వచ్చినవారు మా నగరమును చూడలేదు, దాటిపోయినారు. కనీసము రెండు రాత్రులు ఉండువారే రావలెను. కార్తికమునుండి మాఘమువఱకు అనువైన కాలము. వైశాఖపు టెండలో నల్లరాతి నేలపై చెప్పులు విడిచి నడచుట ఒక పరీక్షయే.

మొదటి యుదయము కోటకు పొండు. వరంగల్లు స్టేషనునుండి అది దగ్గఱే. గణపతిదేవుడు ఆరంభించి ఆయన కుమార్తె రుద్రమదేవి పూర్తిచేసిన కోట యిది. వెలుపల మట్టికోట, లోపల రాతికోట, రాతికోట చుట్టును అగడ్త. ద్వారముల కడ బాట తిన్నగా పోదు, మలుపు తిరిగి పోవును. శత్రువు గుంపుగా దూకుటకు వీలులేకుండ చేసిన ఉపాయమది. బండిలో కూర్చుండి పోవువానికి ఈ మలుపుల అర్థము తెలియదు. నడచువానికి తెలియును. నడుమ స్వయంభూదేవుని ఆలయపు శిథిలములును, నాలుగు దిక్కుల నాలుగు కీర్తితోరణములును కలవు. దాపుననే ఖుష్‌మహలు. దాపునగల ఏకశిలగుట్ట యెక్కినచో కోట చుట్టు కన్నులకు కట్టినట్లు కనబడును. కోటలో నేటికిని జనులు కాపురమున్నారు. వారి ఇండ్లముందు నిలిచి వారి అనుమతి లేక ఛాయాచిత్రములు తీయరాదు. అది ప్రదర్శనశాల కాదు, ఊరు.

హనుమకొండలోని వేయిస్తంభముల గుడి 1163లో రుద్రదేవుడు కట్టించినది. శివునకు, విష్ణువునకు, సూర్యునకు మూడు గర్భగృహములు ఒకే మంటపమునకు తెఱచియుండుట దాని విశేషము. అక్కడ స్తంభములను లెక్కించుటకు కాలము వ్యర్థము చేయవలదు. నంది కావల నున్న కల్యాణమంటపమును చూడుడు. పునాది క్రుంగగా దానిని ఱాయి వెంట ఱాయి విప్పి, ఏండ్లకొలది శ్రమపడి, మఱల పేర్చి 2024 మార్చిలో తెఱచినారు. పూర్వులు కట్టినదానిని తిరిగి పేర్చుటకే నేటి యంత్రములున్న మనకు ఇన్ని యేండ్లు పట్టినది. ఆ స్తంభముపై గోటితోనో తాళపుచెవితోనో పేరు గీకుటకు చేయి పోవువాడు ఈ మాట తలచుకొనవలెను. పద్మాక్షిగుట్ట మీది జైనశిల్పములను చూచినచో ఈ యూరి చరిత్ర ఒక్క మతముతో మొదలు కాలేదని తెలియును. కాజీపేట దర్గాను, అచ్చటి క్రైస్తవాలయమును చూచినచో ఒక్క మతముతో ముగియలేదనియు తెలియును. స్త్రీలు వచ్చుటకు మేలైన కాలము బతుకమ్మ దినములు. వేయిస్తంభముల గుడి ముంగిట సాయంకాలము పూల నడుమ ఊరంతయు నిలిచిన వేళ, మా నగరము తన నిజరూపమును చూపును.

కొనదలచినవారు కొత్తవాడకు పోయి నేతగాని యింటనే జంపఖానా కొనవలెను. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వరంగల్లు జంపఖానా పేరుతో మిల్లులో అచ్చొత్తిన నకిలీలు దూరపు దుకాణములలో దొరకును. మగ్గము ప్రక్కన కూర్చుండి కొన్నవానికి మోసము లేదు. 1934లో నెలకొని వేలమందికి అన్నము పెట్టిన ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడినది. నగరమునకు మగ్గమొక్కటే మిగిలినది. దానినైనను నిలుపుకొనుట మన చేతిలో నున్నది.

రెండవ దినము పాలంపేటకు పొండు. ములుగు బాటను సుమారు 70 కిలోమీటర్లు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్పగుడి 2021 జూలైలో ప్రపంచ వారసత్వ సంపదల పట్టికలో చేరినది. అందఱును గుడి చూచి మదనికలను మెచ్చుకొని తిరిగివత్తురు. దాపుననే యున్న రామప్పచెఱువు కట్టమీదికి పోవువారు కొలదిమంది. ఇదియే నాకు విచారము. గుడి కట్టిన చేతులే చెఱువును కట్టినవి. గుడి చూచి చెఱువు చూడనివాడు కాకతీయులను సగమే చూచినవాడు. ఆ చెఱువు క్రింద నేటికిని వరి పండుచున్నది. పాకాల, లక్నవరము అట్టివే. ఎనిమిది వందల యేండ్లనాటి పనిముట్టు ఇంకను పనిచేయుచున్నదన్నచో అది లోకములో గొప్ప వింతలలో నొకటి. దానిని చూచుటకు టిక్కెట్టు లేదు కాబోలు, ఎవరును పోరు.

మేడారము సంగతి కూడ చెప్పవలెను. రెండేండ్లకొకసారి మాఘమున సమ్మక్క సారలమ్మ జాతర జరుగును. భక్తితో పోవువారు పోవలసినదే. కాని వేఱుపని మీద ఓరుగల్లు రావలసినవారు ఆ నాలుగు దినములు రాకుండుట మంచిది. బస దొరకదు, బస్సు దొరకదు, ములుగు బాట కదలదు.

ఇక మూడవ ప్రశ్న. ఎక్కడ ఇల్లు కట్టుకొనవలెను?

చాలయేండ్ల క్రిందట నేనొక స్థలము కొంటిని. వైశాఖమాసము. నేల రాయివలె గట్టిగా ఎండి యున్నది. చుట్టును తుమ్మచెట్లు. మూడుదిక్కుల అప్పుడే ఇండ్లు లేచుచున్నవి. అమ్మినవాడు కాగితములన్నియు చూపెను. రిజిస్టరీ అయినది. అనుమతి వచ్చినది. ఇల్లు లేచినది. మా తల్లిగారు గృహప్రవేశమునాడు పాలు పొంగించి సంతోషించిరి. 2020 ఆగస్టు వానలకు నీరు గడపదాక వచ్చి తిరిగిపోయినది. అది ఒక్క సంవత్సరపు వింత యనుకొంటిమి. 2023 జూలై కడపటి వారమున వచ్చిన నీరు గడపవద్ద ఆగలేదు. రాత్రి నడుము లోతు నిలిచినది. బియ్యపు డబ్బా కూడముగదిలో తేలుచు తిరిగినది. పెండ్లినాటి పటములు, బిడ్డల చదువు కాగితములు, తండ్రిగారి చేతివ్రాత పుస్తకములు అన్నియు తడిసినవి. పడవలో మమ్ము దాటించినవారిలో మా ప్రక్కవాడకు చెందిన ఒక ముసలి బెస్త యుండెను. నేను వానతో, “ఇన్ని యేండ్లలో లేనిది మా ఇంటికి నీళ్లెట్లు వచ్చినవోయి?” అంటిని. అతడు నవ్వలేదు. “నీళ్లు మీ ఇంటికి రాలేదు పంతులూ, మీరే నీళ్ల ఇంటికి వచ్చిండ్రు. ఇది కుంట. నేను చిన్నప్పుడు ఇక్కడ్నే వల ఏసిన” అనెను. కొన్ననాడు ఈ ముసలివాని నొక్కమాట అడిగియున్నచో నా సొమ్మును, మా తల్లిగారి కన్నీరును దక్కియుండును.

ఆ వారముననే భద్రకాళి చెఱువుకట్టకు గండిపడినది. ఎందఱి ఇండ్లో మునిగినవి. ఇది దైవము చేసిన కీడని చెప్పుకొనుట మనకు సులభము. కాని కారణము స్పష్టము. కాకతీయులు ఈ నేలపై చెఱువులను ఒకదాని వెంట నొకటిగా గొలుసు కట్టి నిలిపిరి. పై చెఱువు నిండినచో మత్తడి దూకిన నీరు వాగుబాటను క్రింది చెఱువునకు పోవును. అది నిండినచో ఆ క్రిందిదానికి. వాన ఎంత కురిసినను నీటికొక దారియు, ఆ దారి చివర నొక యిల్లును ఉండెను. మనము ఏమి చేసితిమి? క్రింది కుంటను పూడ్చి స్థలములుగా కోసితిమి. వాగును ఇరుప్రక్కల గోడలు కట్టి మురుగుకాలువగా సన్నపఱచితిమి. నీటికి ఇల్లును లేదు, దారియు లేదు. అందుచేత అది వీథిని పట్టినది. పూడిన కుంట మఱియొక కీడును చేయును. శ్రావణమున నీరు నిలుచు చోటు లేనందున వైశాఖమున భూమిలో నీరుండదు. వానకాలమున పడవ కొఱకు చూచిన వీథివారే ఎండకాలమున నీళ్ల ట్యాంకరు కొఱకు చూచుచున్నారు.

కావున స్థలము కొనదలచినవారికి నా సలహాలు ఇవి. స్థలమును వైశాఖమున చూడవలదు. శ్రావణమున, రెండు దినములు వాన కురిసిన మఱునాడు చూడవలెను. ఆ వాడ పేరును ముసలివారి నడుగవలెను. క్రొత్త కాలనీకి దేవుని పేరో, నాయకుని పేరో ఉండవచ్చును. పాతపేరులో కుంట, చెఱువు, వాగు, మడుగు అను మాట యున్నచో తిరిగి యింటికి పొండు. గ్రామపటమును, పాత పహాణీని, వీలైనచో సేత్వారును చూపించుకొనవలెను. శిఖము అను నొక్క మాట కనబడినను బయానా ఇయ్యరాదు. చెఱువు పూర్తి నీటిమట్టపు గీత ఎక్కడిదాక నున్నదో నీటిపారుదల శాఖవారి నడిగి తెలిసికొనవలెను. చుట్టును ఇండ్లున్నవి గదా అని ధైర్యపడరాదు. మునుగునప్పుడు అందఱమును కలిసియే మునిగితిమి. రిజిస్టరీ యున్నది, అనుమతి యున్నది అని ధైర్యపడరాదు. కాగితము మనుష్యులకు గాని నీటికి కాదు.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. నగరము పెరుగుచున్నది, నేల ధర ఆకాశమునంటినది, బీదవాడు పల్లమున గాక ఎక్కడ గుడిసె వేసికొనును అని అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. బీదవానికి మెరకనేల చూపించుట ప్రభుత్వపు విధి. చూపింపక గుడిసె పడగొట్టుట అన్యాయము. కాని చెఱువును మింగినది గుడిసెలు మాత్రమే కాదు. కుంటను పూడ్చి అంతస్తులు లేపినవారు, వాగుపై దుకాణములు కట్టినవారు బీదవారు కారు. వారికి అనుమతి ఇచ్చిన చేతులును, వారివద్ద కొన్న మావంటి మధ్యతరగతివారును, ఓటు పోవునని చూచియు చూడనట్లున్న నాయకులును ఈ తప్పులో భాగస్థులే. నన్ను నేను విడిచిపెట్టుకొని ఇతరులను నిందించుట లేదు.

ఇతర నగరముల గతి మన కన్నులముందే యున్నది. 1908లో మూసీ హైదరాబాదును ముంచినది. ఆనాటివారు బుద్ధి తెచ్చుకొని ఉస్మాన్‌సాగరమును, హిమాయత్‌సాగరమును కట్టి నగరమును కాపాడుకొనిరి. తరువాతివారు ఊరిలోని చెఱువులను మఱచిరి. 2020 అక్టోబరులో కాలనీలు చెఱువులైనవి. మదరాసు 2015 డిసెంబరులో అదే పాఠము నేర్చినది. మన నగరము వారికంటె చిన్నది. దిద్దుకొనుటకు ఇంకను వ్యవధి యున్నది. కాని వ్యవధి అపారము కాదు. 2011 లెక్కలనాటికే జనము ఆఱు లక్షలు మించినది. 2017లో పునాది పడిన కాకతీయ జౌళిపార్కు మనుష్యులను రప్పించును. మామునూరు విమానాశ్రయమును మఱల తెఱచుటకు 2025లో అనుమతి వచ్చినది. నేల ధర ఇంకను పెరుగును. మిగిలిన ప్రతి కుంటపైన ఎవరిదో యొకరి కన్ను పడును.

2015లో పల్లెచెఱువుల పూడిక తీయుటకు ప్రభుత్వము ఆరంభించిన పనికి కాకతీయుల పేరు పెట్టిరి. మంచి పేరు, మంచి పని. ఆ కాకతీయుల రాజధానిలోనే చెఱువులు చిక్కిపోవుట చూచి మనము సిగ్గుపడవలదా? భద్రకాళి చెఱువునుండి 2024లో నీరు తీసి పూడిక తీయ మొదలిడుట హర్షింపదగినది. కాని ఒక్క చెఱువును త్రవ్వి సుందరముగ తీర్చినంత మాత్రమున గొలుసు నిలువదు. నగరపాలక సంస్థ చేయవలసినది పెద్ద పని కాదు, గట్టి పని. ప్రతి చెఱువు హద్దునకు రాళ్లు పాతవలెను. ప్రతి వాగు వెడల్పును పాతపటముననుసరించి తేల్చవలెను. ఆ పటములను వార్డు కచ్చేరి గోడలపై అందఱికి కనబడునట్లు అంటింపవలెను. కొనువాడు చూచుకొనును. హద్దు తెలిసిన జనమున్న చోట దొంగ సర్వేరాయి నిలువదు.

ఓరుగంటికోట 1323లో పడిపోయినది. ప్రతాపరుద్రుడు బందీయైనాడు. సింహాసనము లేదు, సైన్యము లేదు. ఆ రాజుల పనులలో నేటికిని మనకు అన్నము పెట్టుచున్నది చెఱువొక్కటే. శత్రువు పడగొట్టలేకపోయినదానిని మనము గజముల లెక్కను అమ్ముకొనుచున్నాము.

ఓరుగంటికి రండు. రెండు రాత్రులుండి నిదానముగా చూడుడు. తోరణము చూచినట్లే చెఱువుకట్టను చూడుడు. ఉండదలచినచో మెరకనేలను, పాతపేరును, ముసలివాని మాటను నమ్ముడు. నా ఇంటి గోడమీద 2023నాటి నీటిగుర్తు ఇంకను ఉన్నది. సున్నము వేయించుమని ఇంటివారు చెప్పుచున్నారు. నేను వేయించుట లేదు. స్థలము కొనబోవు బంధువెవరైన సలహాకు వచ్చినచో ముందుగా ఆ గుర్తు చూపించి, పిదప మాటాడుచున్నాను.